పద్నాలుగు నెలల్లో ఏడుసార్లు షెడ్డుకి: ఈ బండిని ఉంచుకోవాలా, వదిలించుకోవాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బండి డీజిల్ లగ్జరీ ఎస్‌యూవీ, తొమ్మిదేళ్లది, 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. మీరు సెకండ్ హ్యాండ్‌లో కొని పద్నాలుగు నెలలైంది. ఏడుసార్లు షెడ్డుకెళ్లింది. ఎయిర్ సస్పెన్షన్ కంప్రెసర్ మార్పించారు, అయినా పొద్దున చూస్తే ముందు ఎడమవైపు కిందికి దిగి ఉంటోంది. ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, కూలెంట్, మూడుసార్లు కారింది, మూడుసార్లూ వేర్వేరు చోట్ల. బ్యాటరీ రెండుసార్లు పడుకుంది. ఇప్పుడు పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కుదుపులు వస్తున్నాయి. గేర్‌బాక్స్ పోయిందని, దాన్ని బాగు చేయడానికి బండి కొన్న ధరలో సగం అవుతుందని మెకానిక్ చెప్పాడు. ఇప్పటికే ఆ ధరలో 40 శాతం రిపేర్లకు పోసేశారు. ఇంట్లో గొడవ. అమ్మేయాలా, ఉంచుకోవాలా, ఎర్రర్ కోడ్‌లు చెరిపేసి అమ్మేస్తే ఏమైనా అవుతుందా అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా ఇలాంటి బండ్ల మీదే పని చేస్తున్నాను. ఒకటి సొంతంగా కొని ఐదేళ్లు నడిపి చేతి చమురు వదిలించుకున్నాను కూడా. కాబట్టి మెకానిక్‌గానూ చెప్పగలను, దెబ్బ తిన్న ఓనరుగానూ చెప్పగలను.

అన్నిటికంటే ముందు, ఆ గేర్‌బాక్స్‌ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఎందుకో కింద చెప్తాను.

డబ్బు సంగతి మీకు కొనేటప్పుడు ఎవరూ చెప్పి ఉండరు. బండి ధర ఏటేటా పడిపోతుంది కానీ దాని విడిభాగాల ధర పడిపోదు. కొత్తప్పటి ధరలో నాలుగో వంతుకి బండి దొరికిందని మనం మురిసిపోతాం. దాని సస్పెన్షన్ స్ట్రట్‌కి, హెడ్‌లైట్‌కి, ఇంజెక్టర్‌కి ఆ సంగతి తెలియదు. అవి ఇప్పటికీ కొత్త బండి లెక్కలోనే ఉంటాయి. మామూలు కారు ధరకి ఏనుగుని కొన్నారు, మేత మాత్రం ఏనుగు మేతే. పైగా మొదటి ఓనరు వారంటీ ఉన్నన్నాళ్లు నడిపి వదిలేసి ఉంటాడు. రెండో ఓనరు సర్వీసులు వాయిదా వేసుకుంటూ వచ్చి, పెద్ద ఖర్చు వాసన రాగానే అమ్మేసి ఉంటాడు. అతను ఎగ్గొట్టిన సర్వీసులన్నీ ఇప్పుడు వరసగా మీ చేత చేయించుకుంటోంది ఆ బండి. అందులో మీ తప్పు పెద్దగా లేదు. కొనే ముందు ఆ మోడల్ తెలిసినవాడికి చూపించకపోవడం ఒక్కటే తప్పు. అది అయిపోయింది, వదిలేద్దాం.

మీరు చెప్పిన వాటిలో నాకు బాగా పరిచయమున్నది ఎయిర్ సస్పెన్షన్. దీంట్లో స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులు ఉంటాయి. సంచీ, షాక్ అబ్జార్బరూ కలిసిన భాగాన్నే స్ట్రట్ అంటాం. ఆ రబ్బరు మడత పడుతూ విప్పుకుంటూ ఏళ్లు గడిచాక మడత దగ్గర సన్నగా చీలుతుంది. రాత్రంతా గాలి మెల్లగా పోతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే కంప్రెసర్ తిరిగి నింపుతుంది. రోడ్డెక్కాక కూడా కారిన గాలిని పూడుస్తూనే ఉంటుంది. నిజానికి అది కొద్దిసేపు తిరిగి ఆగిపోవడానికి తయారైన చిన్న మోటారు. రోజంతా తిప్పితే వేడెక్కి, దాని పిస్టన్ రింగు అరిగి చచ్చిపోతుంది. అప్పుడు స్కానర్‌లో కంప్రెసర్ కోడ్ వస్తుంది. మెకానిక్ కోడ్ చూసి కంప్రెసర్ మారుస్తాడు. చీలిన రబ్బరు అలాగే ఉంటుంది కాబట్టి కొత్త కంప్రెసర్‌ కూడా అదే దారి పడుతుంది. మీకు జరిగింది అక్షరాలా ఇదే అని నా అనుమానం. కంప్రెసర్‌తో పాటు దానికి కరెంటు కలిపే స్విచ్, అంటే రిలే, మార్చారో లేదో కూడా అడగండి. పాత రిలే కాంటాక్టులు కాలి అతుక్కుపోతే బండి ఆపినా కంప్రెసర్ ఆగదు, బ్యాటరీ కూడా దానితోనే పోతుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు. రాత్రి బండి సమంగా ఉన్న నేల మీద ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. కాగితం మీద రాసుకోండి. పొద్దున డోర్ కూడా తీయకుండా మళ్లీ కొలవండి. డోర్ తీస్తే కొన్ని బండ్లలో కంట్రోల్ యూనిట్ నిద్ర లేచి ఎత్తు సరిచేసేస్తుంది. ఒక్క మూలే దిగితే ఆ మూల స్ట్రట్‌నో, దాని పైపు జాయింట్‌నో అనుమానించాలి. ముందు రెండూ కలిసి దిగితే గాలిని ఒక్కో మూలకీ పంచే వాల్వ్ బ్లాక్ వైపు చూడాలి. తర్వాత సబ్బు నీళ్లు స్ప్రే బాటిల్‌లో పోసి ఆ రబ్బరు మడత మీద, పైన పైపు దూరే చోట కొట్టి టార్చ్ వేసి చూడాలి. సన్నటి నురుగు ఒకే చోట పుట్టుకొస్తూ ఉంటుంది. కనిపించకపోతే బండి ఎత్తు మార్చి మళ్లీ చూడాలి, ఎందుకంటే మడత పడే చోటు ఎత్తుతో పాటు మారుతుంది. నేను ఒక బండి మీద అరగంట సబ్బు నీళ్లు కొట్టి ఏమీ దొరక్క, ఎత్తు ఒక మెట్టు తగ్గించగానే నురుగు చూశాను. ఒక జాగ్రత్త: గాలి మీద నిలబడ్డ బండి కింద తల పెట్టొద్దు. స్టాండ్లు వేసి, బండి తనంతట తాను ఎత్తు మార్చుకోకుండా ఆపే జాక్ మోడ్ పెట్టాకే కిందికి దూరాలి.

స్ట్రట్ మార్చాల్సి వస్తే ముందు రెండూ కలిపి మార్చమనే చెప్తాను. రెండోదీ అదే వయసుది కదా. గాలి తీసేసి మామూలు స్ప్రింగులు వేయించుకోమని చాలామంది సలహా ఇస్తారు. నేనూ కొన్ని వేశాను. అమ్మే ఉద్దేశం లేనివాళ్లకి పర్వాలేదు. కానీ బండి మెత్తదనం పోతుంది, వార్నింగ్ లైట్ రాకుండా కంట్రోల్ యూనిట్‌ని మభ్యపెట్టాలి, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పాలి. నాకైతే ఆ పని మీద మనసు లేదు.

ఇక బ్యాటరీ. రెండుసార్లు పడుకుందంటే రెండుసార్లూ కొత్తది వేసి ఊరుకున్నారా, ఎందుకు పడుకుందో ఎవరైనా కొలిచారా? ఈ బండ్లలో కొత్త బ్యాటరీ వేశాక ఆ విషయం బండికి చెప్పాలి. స్కానర్‌తో రిజిస్టర్ చేయకపోతే చాలా మోడళ్లలో చార్జింగ్ వ్యవస్థ పాత బ్యాటరీ లెక్క ప్రకారమే కొత్తదాన్ని నింపుతూ ఉంటుంది. వోల్టేజ్ పడితే ఒకదానికొకటి సంబంధం లేని హెచ్చరికలు స్క్రీన్ మీద వరస కడతాయి. ఎయిర్‌బ్యాగ్ అంటుంది, గేర్ అంటుంది, సస్పెన్షన్ అంటుంది. వాటిని నమ్మి ఒక్కో భాగం మారుస్తూ పోతే తడిసి మోపెడవుతుంది. నిండిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 కనిపిస్తే సగమే మిగిలినట్టు. అలాంటప్పుడు తీసిన ఏ కోడ్‌నీ నేను నమ్మను. ముందు బ్యాటరీ నింపి, కోడ్‌లు రాసుకుని, తుడిచి, రెండు రోజులు నడిపి మళ్లీ వచ్చిన వాటిని మాత్రమే పట్టించుకుంటాను.

బండి లాక్ చేశాక లోపలున్న కంట్రోల్ యూనిట్లన్నీ నిద్రపోవడానికి అరగంట, కొన్నిట్లో ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ తర్వాత బ్యాటరీ నుంచి లాగే కరెంటు సుమారు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఎక్కువ ఉంటే ఏదో ఒకటి మేలుకుని ఉన్నట్టు. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూస్తే నిద్రపోయినవి మళ్లీ లేస్తాయి. అందుకని ఫ్యూజ్ పీకకుండా, దాని నెత్తి మీద కనిపించే రెండు లోహపు చుక్కల మీద మీటర్ మొనలు పెట్టి మిల్లీవోల్టులు చూడాలి. కరెంటు పారుతున్న ఫ్యూజ్ దగ్గర అంకె కదులుతుంది. ఈ ఓపిక ఉన్న మనిషిని వెతుక్కోండి. ఉంటే అతన్ని వదలకండి.

నా బండి కథ ఇక్కడే చెప్పాలి. వాన పడ్డ మర్నాడల్లా దానికి పిచ్చెక్కేది. వైపర్లు వాటంతట అవే ఒకసారి ఊగేవి, డోర్ తెరిచి ఉందనేది, సెంట్రల్ లాక్ రాత్రిపూట టక్కుమని మోగేది. రెండు బ్యాటరీలు మార్చాను, ఆల్టర్నేటర్ విప్పి చూశాను. ఊరందరి బండ్లూ బాగు చేసే నేను నా బండి ముందు మూడు నెలలు తెల్లమొహం వేశాను. ఒకరోజు ముందు ప్యాసింజర్ సీటు దగ్గర జారిపోయిన ఫోన్ కోసం వంగి, కార్పెట్ మీద పిడికిలి ఆనించాను. పైన పొడిగానే ఉంది. గట్టిగా నొక్కితే కింద ఫోమ్‌లోంచి నీళ్లు చుయ్‌మని పైకొచ్చాయి. కార్పెట్ ఎత్తితే దాని కింద కంట్రోల్ బాక్స్, కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. సన్‌రూఫ్ మూలల్లోంచి నీళ్లు కిందికి పోయే సన్న గొట్టం ఒకటి దుమ్ము, ఆకుల బురదతో మూసుకుపోయింది. ఆ నీళ్లు లోపలికి దారి చూసుకున్నాయి. మెత్తటి నైలాన్ తీగతో గొట్టం శుభ్రం చేయడానికి పది నిమిషాలు పట్టింది. దానికి గట్టి గాలి కొట్టొద్దు, లోపల జాయింట్ ఊడితే మళ్లీ పైకప్పు దింపాలి. మీ బండికి సన్‌రూఫ్ ఉంటే ఈ రోజే కార్పెట్లు నొక్కి చూడండి.

కూలెంట్ గురించి క్లుప్తంగా చెప్తాను. ఈ ఇంజిన్లలో థర్మోస్టాట్ హౌసింగ్, పైపు జాయింట్లు చాలావరకు ప్లాస్టిక్కే. వేడికి ఎండి పెళుసవుతాయి. ఒకటి పగిలిందంటే మిగతావి కూడా క్యూలో ఉన్నట్టే. మీకు మూడుసార్లు జరిగిన లీకేజీల్లో భాగాల ఖర్చు కంటే బండి ముందు భాగం విప్పి బిగించిన లేబరే ఎక్కువ అయి ఉంటుంది. మొదటిసారే వాటర్ పంపు, థర్మోస్టాట్, హోస్‌లు అన్నీ కలిపి చేయించి ఉంటే ఒక్క లేబర్‌తో పోయేది. ఇంకో మాట, డాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లు చాలా బండ్లలో పూర్తి నిజం చెప్పదు. కొంత తేడా వచ్చినా మధ్యలోనే నిలబడేలా చేసి ఉంటుంది. అది కదిలేసరికి ఆలస్యమైపోయి ఉండొచ్చు. కూలెంట్ తగ్గిందన్న హెచ్చరిక వస్తే ఇంకో పది కిలోమీటర్లే కదా అనుకోకండి.

ఇప్పుడు గేర్‌బాక్స్. మీరు రాసిన దాంట్లో నన్ను ఆపింది ఒక్క మాటే: పార్కింగ్‌లో, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు. గేర్‌బాక్స్ పాడైతే సాధారణంగా గేర్లు మారేటప్పుడు తెలుస్తుంది, నేరుగా వెళ్లేటప్పుడు కూడా తెలుస్తుంది. మలుపులో మాత్రమే, నెమ్మదిగా ఉన్నప్పుడు మాత్రమే కుదిపితే నా కళ్లు ముందు టైర్ల మీదికి పోతాయి. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండిలో నాలుగు టైర్లూ ఒకే సైజుతో, ఒకే రకంగా, దాదాపు ఒకేలా అరిగి ఉండాలి. ఒకటి పంక్చరై కొత్తది వేశారనుకోండి, అది మిగతా మూడింటి కంటే కాస్త పెద్దది. ప్రతి చుట్టుకీ తేడా. ఆ తేడాని ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని క్లచ్ (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచేది అదే) ఎలాగో భరిస్తుంది, నూనె మాడుతుంది, మలుపులో పట్టేసినట్టు కుదుపు మొదలవుతుంది. టైరు మీది గాళ్ల లోతులో, అంటే ట్రెడ్ లోతులో 2, 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే నేను ఒప్పుకోను. ఒక చిన్న పరీక్ష ఉంది. అదే మలుపు గట్టి నేల మీద ఒకసారి, వదులు కంకర మీద ఒకసారి తిప్పండి. కంకర మీద కుదుపు బాగా తగ్గితే, చక్రాలు జారడానికి సందు దొరికి బిగింపు వదిలిందని అర్థం. అలాగైతే తప్పు గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు శక్తి చేర్చే డ్రైవ్‌లైన్‌లో ఉంది, గేర్‌బాక్స్ ఆయువుకి ఢోకా లేకపోవచ్చు. టైర్లు సరిచేసి, ట్రాన్స్‌ఫర్ కేస్ నూనె మార్చి చూడటానికయ్యేది గేర్‌బాక్స్ ఖర్చులో చిన్న ముక్క.

గేర్‌బాక్స్ నూనె కూడా ఎప్పుడూ మార్చి ఉండరు. కార్ల కంపెనీలు దాన్ని లైఫ్‌టైమ్ ఆయిల్ అని రాస్తాయి. ఎవరి లైఫో రాయవు. ఈ తరహా బండ్లలో చాలావాటికి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థే, వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య లేదా 8 ఏళ్లకు నూనె మార్చమని చెప్తుంది. మీది రెండూ దాటింది. మార్చేవాడు ఫిల్టరుతో సహా మార్చాలి, నూనె నిర్ణయించిన వేడిలో ఉన్నప్పుడే మట్టం చూడాలి. బయటికి తీసిన పాత నూనె మీ కళ్లతో చూడండి. నల్లగా ఉంటే కంగారొద్దు. అందులో లోహపు తునకలు కనిపిస్తే మాత్రం నేను ఇంతసేపు చెప్పిన ఆశ మాటలు మర్చిపోండి.

డీజిల్ కాబట్టి ఇంకొకటి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పుతుంటే పొగలోని మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ తనను తాను కాల్చుకుని శుభ్రం చేసుకోలేదు. దానికి దాదాపు 600 డిగ్రీల వేడి, కొంతసేపు ఆగకుండా సాగే ప్రయాణం కావాలి. మధ్యలో ఆపేసిన ప్రతిసారీ కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతోందంటే అదే కారణం. మీ తిరుగుడంతా ఇంటికీ ఆఫీసుకీ మధ్యే అయితే అసలు ఈ బండి మీకు పనికొచ్చే బండి కాదు, ఎంత బాగు చేసినా.

ఇక ఉంచుకోవాలా అన్న లెక్క. అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. ఇంత పెట్టాక ఇప్పుడు ఎలా అమ్మను అంటారు. ఆ 40 శాతం ఉంచుకున్నా రాదు, అమ్మినా రాదు. దింపుడు కళ్లం ఆశతో ఇంకా పోయకండి. ముందున్న పన్నెండు నెలలు మాత్రమే చూడండి. కొన్న ధర 100 అనుకుందాం. ఇప్పుడు ఉన్నదున్నట్టు అమ్మితే 45 వస్తుందనుకోండి. స్ట్రట్లు, టైర్లు, నూనెలు అన్నీ సరిచేయడానికి 15, ఏడాది పొడవునా వచ్చే మామూలు ఖర్చు 12. ఏడాది తర్వాత 55కి అమ్ముడుపోతే, ఈ ఏడాది మీకు పడింది ఇప్పుడు అమ్మక వదులుకున్న 45, ఖర్చులు 15, 12 కలిపి 72లోంచి 55 పోగా 17. అదే ఇప్పుడు అమ్మి వేరే బండి కొంటే దాని ధర పడిపోవడం, రిజిస్ట్రేషన్, కమీషన్, సర్వీసు కలిపి 25 అవుతుందనుకుంటే, ఉంచుకోవడమే నయం. కానీ గేర్‌బాక్స్ నిజంగానే పోయి ఇంకో 50 కలిస్తే అదే లెక్క 67కి చేరుతుంది. బాగైన గేర్‌బాక్స్ వల్ల అమ్మేటప్పుడు ఇంకో ఐదారు ఎక్కువొచ్చినా ఆ గొయ్యి పూడదు. అప్పుడు ఆలోచించక్కర్లేదు, వదిలించుకోవడమే. నా అంకెలు ఊహలు, మీ అంకెలు మీరు పెట్టుకోండి.

కొన్ని సందర్భాల్లో నేను లెక్క కూడా వేయను. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ముందు కొన్ని సెకన్లు గొలుసు గిలగిలలాడిన చప్పుడు వస్తే ఇంజిన్ లోపలి వాల్వులను సమయానికి తిప్పే టైమింగ్ చైన్ వదులైనట్టు. కొన్ని ఇంజిన్లలో అది గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, ఇంజిన్ దింపందే చేయి పెట్టలేం. సీటు పట్టాల కింద ఒండ్రు, బెల్టు పూర్తిగా లాగితే చివర నీటి మరక కనిపిస్తే అది వరదలో మునిగిన బండి. కూలెంట్‌లో ఆయిల్ తేలడం మూడోది. ఈ మూడింట్లో ఏదున్నా ప్రేమలు పెట్టుకోవద్దు. అలాగే ఇంట్లో ఉన్నది ఈ ఒక్క బండే, పొద్దున అది కదలకపోతే ఉద్యోగం ఆగుతుంది అంటే, లెక్కలో లాభం కనిపించినా అమ్మేయమనే అంటాను. టెన్షన్‌కి నా కాగితం మీద గడి లేదు. నేను నా బండిని ఐదేళ్లు భరించానంటే పక్కన ఇంకో మామూలు కారు ఉండబట్టే.

ఉంచుకుంటే చేయించే చోటు మార్చండి. అన్ని కంపెనీల బండ్లూ చూసే షెడ్డు కాదు, మీ కంపెనీ బండ్లే రోజూ చూసే విడి వర్క్‌షాప్ కావాలి. విడిభాగాలు కూడా కంపెనీ పెట్టెలోవే కానక్కర్లేదు. కంపెనీకి సప్లై చేసే తయారీదారు అదే భాగాన్ని తన పెట్టెలో పెట్టి తక్కువకి అమ్ముతాడు. కొన్నిసార్లు భాగం మీద కార్ కంపెనీ ముద్ర ఉన్నచోట రుద్దేసిన గుర్తు కూడా కనిపిస్తుంది. పేరు లేని చవక స్ట్రట్ల జోలికి మాత్రం పోకండి, పాత బండి నుంచి ఊడదీసిన స్ట్రట్ల జోలికి అసలే పోకండి.

కోడ్‌లు చెరిపి అమ్మడం గురించి అడిగారు కదా. చెయ్యొద్దు. తెలిసినవాడు స్కానర్ పెట్టగానే కోడ్‌లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కనిపిస్తుంది. బండి తనను తాను పరీక్షించుకునే రెడీనెస్ మానిటర్లు పూర్తికాలేదని కూడా కనిపిస్తుంది. అప్పుడు మీరు చెప్పే నిజాలు కూడా ఎవరూ నమ్మరు. తెలియనివాడికి అంటగడితే, మీకు ఆ రెండో ఓనరు చేసిందే మీరు ఇంకొకరికి చేసినట్టు. బిల్లులన్నీ ఫైల్లో పెట్టి, ఉన్న లోపాలు చెప్పి అమ్మండి. కొంచెం తక్కువ వస్తుంది, కానీ ఇలాంటి బండ్లు కొని బాగుచేసుకునేవాళ్లు ఆ ఫైలు చూసే ధర కడతారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఈ రాత్రి నాలుగు మూలలా టేపు కొలతలు, పొద్దున మళ్లీ అవే కొలతలు, నాలుగు టైర్ల కంపెనీ, సైజు, ట్రెడ్ లోతు, కార్పెట్ కింద తడి ఉందో లేదో. కంకర మీద మలుపు తిప్పినప్పుడు కుదుపు ఎలా ఉందో కూడా. ఇవి రాసి పెట్టండి, చూసి చెప్తాను. గేర్‌బాక్స్ దింపుతామని షెడ్డు నుంచి ఫోన్ వస్తే, వారం ఆగమనండి.